పుష్పమ్మ పండ్లు, జోగులమ్మ నీళ్ళు

వనపర్తిలో పండ్ల డాక్టరు శ్రీవాణి ఎక్స్‌రే చూసి, కింది దవడలో రెండు కోరపండ్ల వేర్లు గట్టిగా మిగిలి ఉన్నాయనీ, వాటి ఆధారంతో కొత్త పండ్లు కట్టొచ్చనీ చెప్పింది. అరవై ఆరేళ్ళ పుష్పమ్మ తిండి గురించి అడగలేదు. అందం గురించి అసలే అడగలేదు.

"అవి పెట్టుకొని నోరంత తెరిచి ఏడ్వొచ్చునా బిడ్డా?" అని అడిగింది.

డాక్టరు నవ్వబోయి ఆగింది. పక్కన నిలబడ్డ కొడుకు నిరంజన్ తల వంచుకొని, "మా అమ్మ శోకం పెడ్తది మేడం," అన్నాడు, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు.

శోకం సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో మనిషి పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పదం కట్టి ఏడుస్తారు. పోయిన మనిషిని వరసపెట్టి పిలుస్తూ, ఆ మనిషి తిన్నదీ తిననిదీ, పడ్డదీ పెట్టిందీ శవం ముందర కూర్చొని చెప్పుకుంటూ పోతారు. యూనివర్సిటీలో దీన్ని మౌఖిక కళ అంటారు. రికార్డు చేసుకొని పోయి వ్యాసాలు రాస్తారు, ప్రమోషన్లు తెచ్చుకుంటారు. ఊళ్ళో అది కళ కాదు, సాక్ష్యం. మామూలప్పుడు కోడలు అత్తను అనలేని మాట, చెల్లెలు అన్నను అడగలేని మాట శోకంలో అనొచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు. అడ్డు చెప్పరు గనుక అది నిజమైపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పుష్పమ్మది ఆ ఊరికి పెద్ద గొంతు. మూడూళ్ళ అవతల చావైనా మనిషిని పంపి పిలిపించుకునేవాళ్ళు. ఆమె ఎత్తుకుంటే వాకిట్లో మొగవాళ్ళు బీడీ ఆర్పేవాళ్ళు. కులమూ ఇల్లూ చూసేది కాదు. రెడ్ల చావుకు పోయి ఏడ్చింది, మాదిగ ఇంటి చావుకు పోయి ఏడ్చింది. పాస్టరు వచ్చి "మన సహోదరి ప్రభువు సన్నిధికి పోయింది, ఏడవకూడదమ్మా," అంటే, "పోనీ అయ్యా, నేను మిగిలినోల్లకు ఏడుస్తున్న," అంది. పాస్టరు మంచివాడు. పక్కకు జరిగి కూర్చున్నాడు.

ఇరవై ఆరేళ్ళ కింద ఆమె అత్త ఈదమ్మ పోయింది. ఈదమ్మకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు పుష్పమ్మ, చిన్నకోడలు జోగులమ్మ. వరసకు యారాండ్లు, అంటే ఒకే ఇంటి అన్నదమ్ముల భార్యలు. ముసలామెకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డ నెలలో పుష్పమ్మ ఊళ్ళో లేదు. వడ్డేపల్లి దిక్కు సీడుపత్తి చేన్లలో క్రాసింగు పనికి పోయింది. మొగ్గలు గిల్లి, మగపూల పుప్పొడి తెచ్చి ఒక్కో పువ్వుకూ అద్దే పని అది. పూలు మనిషి చావు కోసం ఆగవు, చేను పెట్టిన ఆసామీ అంతకన్నా ఆగడు. కబురంది, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఈదమ్మను వాకిట్లో పండబెట్టారు. పెదవులు ఎండి, చీలి ఉన్నాయి. ఎవరో పక్కింటామె చెవిలో అంది: "నీళ్ళు నీళ్ళు అనుకుంటనే పోయిందంట."

పుష్పమ్మ కాళ్ళు కూడా కడుక్కోలేదు. శవం తలాపున కూలబడి ఎత్తుకుంది.

నాలికెండి నువ్వడిగితివి గదనే ఓ అత్తా
నట్టింట్ల కడవుండి నీళ్ళియ్యకపాయెనే ఓ అత్తా

ఎవరు ఇయ్యలేదో పదంలో లేదు. ఉండక్కర్లేదు. ఇంట్లో ఉన్నది ఒకటే కోడలు. వాకిట్లో ఉన్న కళ్ళన్నీ జోగులమ్మ మీదికి తిరిగాయి. జోగులమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. శోకానికి శోకంతోనే జవాబు చెప్పాలి, ఆమెకు పదం కట్టడం రాదు.

"నేననలేదు, అదే వచ్చింది," అని తర్వాత పుష్పమ్మ చెప్పుకునేది. "పదం కలిసింది." పదాలు కట్టేవాళ్ళందరూ చెప్పే సాకే ఇది. మిగతావాళ్ళ సాకులకు కాగితం ఖర్చవుతుంది. పుష్పమ్మ సాకుకు ఒక మనిషి బతుకు ఖర్చయింది.

నిజం మూడేళ్ళకు తెలిసింది. జ్వరం వచ్చి సూది వేయించుకోవడానికి పోతే ఆర్‌ఎంపీ జంగయ్య దూది రాస్తూ అన్నాడు: "మీ అత్తకు పెట్టిన శోకం నేనూ ఇన్న పుష్పమ్మ. మంచిగుండె. గని అబద్ధం."

పక్షవాతానికి మింగే శక్తి కూడా పోయిందట. నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే ప్రాణం పోతుంది, చుక్క పోయొద్దని జంగయ్యే గట్టిగా చెప్పాడు. అయినా జోగులమ్మ చూడలేక కొంగు తడిపి, ముసలామె పెదవుల మీద పిండుతూ తొమ్మిది రోజులు మంచం పట్టె మీదే కూర్చుంది. "నీళ్ళు పొయ్యకుంట కాపాడింది ఆమెనే, నీళ్ళిచ్చిందీ ఆమెనే," అన్నాడు జంగయ్య.

అప్పటికే మాట ఊరు దాటింది. పెళ్ళిళ్ళలో జోగులమ్మ నీళ్ళ జగ్గు పట్టుకొని పంక్తిలోకి వస్తే ముసలమ్మలు నవ్వేవాళ్ళు: "నువ్వు గూడ నీళ్ళిస్తవానె జోగీ?" సరదాకే. సరదా అని ఎవరికైనా చెప్పుకోవడానికి వీలుండే సరదా. కూతురు రేఖ సంబంధానికి నాగర్‌కర్నూల్ దిక్కునుంచి వచ్చినవాళ్ళు చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "అత్తకు నీళ్ళియ్యని ఇల్లంటే ఇదేనా?" అని అడిగి పోయారు. తర్వాత ఇంకొకరు అడగకుండానే పోయారు. చివరికి రేఖను గద్వాల అవతల, గట్టు మండలంలో ఒక ఊరికి, ఈ పదం చేరనంత దూరం ఇచ్చారు.

పుష్పమ్మ ఊరుకోలేదు. బోరింగు కాడ చెప్పింది, నాట్ల కాడ చెప్పింది, బతుకమ్మ కాడ కూడా చెప్పింది. "నాది తప్పు, జోగమ్మ నీళ్ళిచ్చింది." అందరూ విన్నారు. "యారాండ్లు కలిసిన్రు, మంచిదే," అన్నారు. బతికున్న మనిషి గురించి చెప్పింది మర్యాద కిందికి వస్తుంది. శవం ముందర చెప్పిందే లెక్క.

పదకొండేళ్ళు జోగులమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరి మొగుళ్ళూ రెండేళ్ళ తేడాలో పోయాక, నడిమి గోడ దగ్గర కూర గిన్నెలు అటూ ఇటూ మారడం మొదలైంది. నీళ్ళ ముచ్చట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఈలోగా పుష్పమ్మ పండ్లు పోయాయి. చిగుళ్ళు వాచి, కదిలి, ఒకటొకటిగా. మిగిలిన రెండూ మొదలుకంటా విరిగి, వేర్లు చిగురు కింద ఉండిపోయాయి. ఎవరో పెట్టిన క్యాంపులో ఉత్త సెట్టు ఒకటి ఇచ్చారు. పైది అంగిలికి అతుక్కునేది. కిందిది నాలిక కదిలితే లేచేది. తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకునేది, ఫోటోకు పెట్టుకునేది.

ఆ సెట్టుతోనే మాసయ్య భార్య చావుకు పోయింది. మాసయ్య ఊళ్ళో పెద్దమనిషి, నోటి దురుసు. పుష్పమ్మ తలాపున కూర్చొని "ఓ..." అని నోరంతా తెరిచి ఎత్తుకుంది. కింది సెట్టు లేచి, బయటపడి, పోయినామె మెడలో బంతిపూల దండ మీద కూర్చుంది.

మొదట పిల్లలు నవ్వారు. తర్వాత ఆపుకోలేక పెద్దలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన మాసయ్యే అన్నాడు: "అందరు చీర పెట్టిన్రు, పుష్పమ్మ పండ్లు పెట్టింది." ఇంక వాకిలంతా గొల్లున నవ్వింది. పుష్పమ్మ పండ్లు తీసుకొని, కొంగులో చుట్టుకొని, ఇంటికి నడిచింది. ఆ రోజు నుంచి చావులకు పోవడం మానేసింది. పిలిచినా పోలేదు. కొన్నాళ్ళకు పిలవడం మానేశారు.

పోయిన ఏడాది ఎండాకాలం జోగులమ్మకు కడుపులో గడ్డ బయటపడింది. హైదరాబాద్ దవాఖానలో కోసి చూసి, మళ్ళీ కుట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గట్టు నుంచి రేఖ వచ్చి కూర్చుంది. పుష్పమ్మ రాత్రిళ్ళు కాపలాకు వచ్చేది. ఒకనాడు పొద్దున జావ తాగిస్తుంటే జోగులమ్మ గిన్నెను చేత్తో ఆపింది.

"అక్కా, నేను పోతె నువ్వు శోకం పెట్టాలె."

"నాతోని యాడైతదే. నోట్ల పండ్లు లేవు."

"పెట్టిచ్చుకో."

"పెట్టిచ్చుకున్నయే ఎగిరిపడె. ఊరంత నవ్వె."

"నా సావుల గూడ నవ్వని. నాకేంది." జోగులమ్మ ఊపిరి తీసుకుంది. "శోకంల అన్నదాన్ని శోకంలనే దిద్దాలె. నువ్వు బోరింగు కాడ చెప్పినవ్, నాట్ల కాడ చెప్పినవ్. ఎవడిన్నడు? నా పిల్ల పుట్టింటికి వచ్చినప్పుడల్లా గీ ముచ్చట ఇనుకుంటనే ఉన్నది. నేను పోయినంక గూడ ఇనాల్నా?"

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట వాళ్ళిద్దరి మధ్యకు రావడం అదే మొదలు. పుష్పమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"పండ్లు అయ్యేదాక ఆగుతవా?" అంది చివరికి.

"ఆగుత. జర తొందరగ చెయ్యమను ఆ డాక్టరమ్మను."

వనపర్తి ప్రయాణాలు అలా మొదలయ్యాయి. దవడ ఎముకలో స్క్రూలు దించి వాటి మీద పండ్లు నిలబెట్టే పద్ధతి కూడా ఉందని శ్రీవాణి చెప్పింది. అయితే అది ఎముకతో కలిసిపోవడానికే నెలలు పడుతుంది, ఈమె ఎముక కూడా పలచబడింది. ఉన్న వేర్లే నయం. రెండు వేర్ల లోపల శుభ్రం చేసి, మందు నింపి, చిగురు మట్టానికి అరగదీసి, ఒక్కోదాని మీద చిన్న లోహపు గుండు నిలబెట్టింది. కొత్త సెట్టు అడుగున ఆ గుండ్లకు సరిపోయే గుంటలు. పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది.

"జాకెట్టుకు టిచ్చు బొత్తాం లెక్క," అంది పుష్పమ్మ.

"అంతే అవ్వా. గని వేర్లు నీవే, జాగ్రత్త. పడుకునేటప్పుడు పండ్లు తీసి నీళ్ళల్ల వెయ్యాలె. వేర్లు మెత్తటి బ్రష్షుతో తోమాలె. తియ్యకుంటె లోపల పాసి పట్టి వేర్లు పుచ్చిపోతయ్. వేర్లు పోతె పండ్లు నిలబడవ్."

సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి డాక్టరు ఏదైనా మాట్లాడమంది. బడిలో త వర్గాన్ని దంత్యాలని నేర్పుతారు, త థ ద ధ న. నాలిక పండ్లకు తగిలితేనే పలుకుతాయి. అమ్మా అవ్వా అనడానికి పెదవులు చాలు. అత్తా అనాలంటే పండ్లు కావాలి. పుష్పమ్మకు పుస్తకం సంగతి తెలియదు గానీ ఏం పలికి చూసుకోవాలో తెలుసు. కుర్చీలో వెల్లకిలా పడుకునే గొంతెత్తింది. "నాలికెండి అత్త అడిగినపుడు ఓ యారాలా..." అక్షరం అక్షరం గంటలా మోగింది. బయట వరసలో కూర్చున్న ఒకాయన లేచి, పంటి నొప్పి తర్వాత చూసుకుంటానని వెళ్ళిపోయాడు. లోపల ఎవరో పోయారనుకున్నాడట.

ఆ రోజు బస్సులో పుష్పమ్మ దారి పొడవునా నిరంజన్‌ను పేరుపెట్టి పిలిచింది. ఏం కావాలమ్మా అంటే, ఏం లేదు, 'న' పలుకుతుందా లేదా చూస్తున్నానంది.

ఇక అభ్యాసం. బతికున్న మనిషి ముందర శోకం పెట్టడం మహాపాపమని రేఖ లబలబలాడింది. "పెద్దమ్మా, మా అమ్మ ఇంక కండ్లు తెరిచే ఉన్నది. ఇంట్ల గిట్ల ఏడుస్తరా?" జోగులమ్మ కూతురిని పాల ప్యాకెట్టుకు పంపేసి, "కానీ అక్కా," అనేది. పుష్పమ్మ గొంతు తగ్గించి, చెవి దగ్గర వంగి, పాడినట్టు కాకుండా చదివినట్టు చెప్పేది.

"సల్లని దానివి యారాలా..."

"అది తీసెయ్. నేనెప్పుడు సల్లగున్న? మొగుణ్ణి గూడ కొట్టిన."

"అయితె ఏమనాలె?"

"ఏమనకు. నీళ్ళ ముచ్చట జెప్పు, సాలు."

"కొత్త ఎత్తు తీసుకుంటనే. కొత్త రాగం."

"వద్దు." జోగులమ్మ ఇక్కడ మొండికేసింది. "అదే ఎత్తు. అదే మొదలు. నాలికెండి అనే మొదలువెట్టాలె. లేకుంటె దేనికి జవాబో ఎవనికి తెలుస్తది?"

పుష్పమ్మ ఒప్పుకుంది. పనితనం తెలిసిన మనిషికి పాత ఎత్తు మళ్ళీ వాడటం నామోషీ, అయినా ఒప్పుకుంది. అదే మొదలుతో రెండో పాదం తిప్పింది:

నాలికెండి అత్త అడిగినపుడు ఓ యారాలా
నీ కొంగు తడిపి నీళ్ళిచ్చినవు గదనే ఓ యారాలా

జోగులమ్మ కళ్ళు మూసుకొని విన్నది. "ఇంకోసారి," అన్నది. మూడోసారికి ఆమె కళ్ళ కొసల నుంచి చెవుల్లోకి నీళ్ళు కారాయి. "మంచిగున్నది. నేను ఇనలేను గద అప్పుడు. గిప్పుడే ఇంట."

ఫోనులో రికార్డు చేసి పెట్టుకుందామని నిరంజన్ అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే వాడి మీద పడ్డారు. బతికున్న మనిషి మీది శోకం ఇంట్లో దాచిపెట్టుకుంటారా, ఎవరైనా? చదువుకున్నవాళ్ళకు ఇది మూఢనమ్మకం. వాళ్ళు కూడా బతికున్న తండ్రి ఫోటోకు దండ వేసి గోడకు తగిలించరు.

జోగులమ్మ మాట నిలబెట్టుకుంది. పండ్లు వచ్చాక ఇరవై రోజులు బతికింది.

చివరి మూడు రాత్రులు పుష్పమ్మ నిద్రపోలేదు. పండ్లు పెట్టుకునే కూర్చుంది, ఏ క్షణమైనా అవసరం రావొచ్చని. నాలుగోనాడు మధ్యాహ్నం రేఖే బలవంతం చేసింది. "జర నడుం వాల్చు పెద్దమ్మా, నేనున్న గద." పుష్పమ్మ జోగులమ్మ నోట్లో చెంచాతో నీళ్ళు పోసింది, పెదవులు తుడిచింది. తర్వాత డాక్టరు చెప్పినట్టే, వేర్లకు తగలకుండా మెల్లగా, సెట్టు రెండూ తీసి, స్టీలు చెంబులో నీళ్ళు పోసి అందులో వేసింది. చెంబు గూట్లో పెట్టి, వంటింటి గడప దగ్గర చాప మీద ఒరిగింది. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారి మీద పడింది.

జోగులమ్మ గంట తర్వాత పోయింది. రేఖ కేక విని చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. ఆ కేకకు కూడా పుష్పమ్మ లేవలేదు, మూడు రాత్రులు మేలుకున్న మనిషని ఎవరూ లేపలేదు. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉండకూడదు. వచ్చినవాళ్ళలో నలుగురు నడుం బిగించి, బిందెలు, కడవలు, బకెట్లు, గ్లాసులు, చెంబులు, ఇంట్లో తడి ఉన్న ప్రతిదీ తీసుకుపోయి పెరట్లో పారబోసి, బోర్లించి వచ్చారు. ఎవరు ఏది పారబోశారో ఎవరికీ తెలియదు. తప్పెవరూ చేయలేదు. అందరూ రివాజు చేశారు. రివాజు గొప్పదనమే అది, ఎవరినీ పట్టుకోవడానికి ఉండదు.

పుష్పమ్మ లేచేసరికి శవాన్ని వాకిట్లోకి తెచ్చారు. గూటి దగ్గరికి పోయింది. చెంబు బోర్లా ఉంది. ఎత్తి చూసింది. వంటింట్లో చూసింది, పెరట్లో చూసింది. పెరడంతా బురద, బిందెల నీళ్ళు కాలవ కట్టి మోరీలోకి పారుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చొని బురద దేవులాడింది. నిరంజన్ కూడా చొక్కా చేతులు మడిచి మోరీలో చెయ్యి పెట్టాడు. క్యాంపు సెట్టు ఎప్పుడో చెత్తలో పోయింది. వాకిట్లో నుంచి మనిషి వచ్చింది: "పుష్పమ్మా, అందరు నీ కోసమే సూస్తున్నరు."

నిజమే, అందరూ వచ్చారు. పండ్లు కట్టించుకుందనే కబురు ఊరంతటికీ తెలుసు, మళ్ళీ గొంతు వినొచ్చని పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. మాసయ్య గోడవారన కుర్చీలో ఉన్నాడు. ఈదమ్మ చావు నాటి ముసలివాళ్ళలో మిగిలినవాళ్ళందరూ ఉన్నారు. సరిగ్గా ఎవరు వినాలో వాళ్ళే.

పుష్పమ్మ బురద చేతులతో తలాపున కూర్చుంది. రేఖ ఆమె ముఖం చూసింది, లోపలికి పోయిన దవడ చూసింది, సంగతి అర్థమైంది. "పెద్దమ్మా, వద్దు," అంది మెల్లగా.

ఆమె ఎత్తుకుంది. వేరే దారేముంది? గొంతు పాతదే, రాగం పాతదే. వాకిట్లో మొగవాళ్ళు బీడీలు ఆర్పారు. "ఆలికెండి..." అని వచ్చింది మాట. పండ్లు లేని నోట్లో 'న' లేదు, 'త' గాలైపోయింది. రాగం మాత్రం చక్కగా ఉంది. ఇరవై ఆరేళ్ళ కింద విన్న చెవులు ఆ ఎత్తును అక్కడికక్కడే గుర్తుపట్టాయి. "నీళ్ళిచ్చినవు గదనే" అన్న చోట ఆమె చిగుళ్ళ మధ్య నుంచి బయటికొచ్చింది "ఈళ్ళియ్యియవు" అని. మిగతాది విన్నవాళ్ళు వాళ్ళకు తెలిసినదాంతో నింపుకున్నారు. నీళ్ళియ్యవు. నీళ్ళియ్యకపాయె.

వాకిట్లో గుసగుస లేచింది. పుష్పమ్మ మళ్ళీ అంది, ఇంకా గట్టిగా. గట్టిగా అన్నకొద్దీ ఇంకా చెడింది.

మాసయ్యే నోరు విప్పాడు. ఈసారి జోకు కాదు. "ఇగ సాలు పుష్పమ్మా. మట్టిల గలిసే మనిషిని గూడ ఇడ్వవా?"

"కాదు పెద్దయ్యా," అని రేఖ లేచింది. "మా పెద్దమ్మ అట్ల అంటలేదు. నీళ్ళిచ్చిందని అంటున్నది. నేనిన్న, తలుపు అవతల నిలబడి రోజు ఇన్న."

"కూతురివి గదమ్మా," అన్నాడు మాసయ్య, జాలిగా. "నువ్వు గట్లనే అనాలె."

పుష్పమ్మ మాటతో కాదనుకుంది. చేసి చూపిస్తే అర్థమవుతుందనుకుంది, కొంగు తడిపి, పెదవుల మీద పిండి. కొంగు పట్టుకొని నీళ్ళ కోసం చుట్టూ చూసింది. గడప పక్కన బిందె బోర్లా ఉంది. తొట్టి బోర్లా ఉంది. చెంబు, కడవ, జగ్గు, అన్నీ. ఆ ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. పొడి కొంగును జోగులమ్మ పెదవుల మీద పెట్టి పిండింది. చూసినవాళ్ళకు నోరు నొక్కుతున్నట్టు కనబడింది. ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు పట్టి ఆమెను లేపి, దూరంగా తీసుకుపోయి కూర్చోబెట్టారు. డప్పు మొదలైంది. పొద్దు వాలకముందే మట్టి చేశారు.

పండ్లు మూడోనాడు దొరికాయి. పెరటి మోరీ బండ కింద ఇరుక్కొని ఉన్నాయి, చీలిక కూడా లేదు. రేఖ కడిగి, కొత్త తువాలులో చుట్టి తెచ్చి ఇచ్చింది. పుష్పమ్మ నోట్లో పెట్టుకొని నొక్కింది. టక్కుమంది.

"నాలికెండి అత్త అడిగినపుడు," అంది, ఎత్తు లేకుండా, ఊరికే మాటగా. ప్రతి అక్షరం ఉంది.

"నాకు తెలుసు పెద్దమ్మా," అంది రేఖ. "నాకు తెలిసి ఏం లాభం?" ఆ సాయంత్రం బస్సుకు గట్టు వెళ్ళిపోయింది. పోయేటప్పుడు పుష్పమ్మ కాళ్ళకు మొక్కింది, మళ్ళీ వస్తానని మాత్రం అనలేదు.

తర్వాతి నెలల్లో పుష్పమ్మ మళ్ళీ చావులకు పోవడం మొదలుపెట్టింది, పిలవకపోయినా. శోకంలో పోయినవాళ్ళతో అంతకుముందు పోయినవాళ్ళకు కబురు పంపే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మా నాయన కనబడితే బర్రె ఈనిందని చెప్పు, అట్లాంటివి. పుష్పమ్మ ఎవరి శవం ముందర కూర్చున్నా చివరికి అక్కడికే వచ్చేది. నా యారాలు ఎదురొస్తే చెప్పు, నీ కొంగు నీళ్ళ సంగతి నేను చెప్తూనే ఉన్నానని చెప్పు. మాట స్పష్టంగా ఉండేది, వెనక వరసకు కూడా వినబడేది. మొదటి ఇంటివాళ్ళు ఓర్చుకున్నారు. రెండో ఇంట్లో, "మా అవ్వ సావుల నీ యారాలు ముచ్చటేందమ్మా," అన్నారు. మూడో ఇంట్లో ఆమె నోరు తెరవగానే ఎవరో డప్పుల వాళ్ళకు చెయ్యి ఊపారు.

ఈ సంక్రాంతి అయిన వారానికి శ్రీవాణి ఆమె నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి ఎడమవైపు చూసింది.

"ఎడమ వేరు పుచ్చిందవ్వా. తీసెయ్యాలె. పడుకునేటప్పుడు పండ్లు తీస్తున్నవా?"

"తియ్య."

"చెప్పిన గద."

"తీసినందుకే గద బిడ్డా," అంది పుష్పమ్మ.

"కుడిది ఒక్కటే మిగిలింది. దాని మీద ఎన్నాళ్ళో నిలవదు. తీసి కడుగుతనంటె రెండేండ్లు."

పుష్పమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. ఏళ్ళు కాదు, మనుషులను. ఈదమ్మ చావు నాటి శోకాన్ని చెవులతో విన్నవాళ్ళు ఊళ్ళో ఇంకా నలుగురు ఉన్నారు. ఒకరికి వినబడదు. ఒకరు మంచంలో ఉన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున మాసయ్య అరుగు దగ్గరికి పోయి కూర్చుంటుంది. మాసయ్యకు ఎనభై దాటాయి.

"నా సావు కోసం సూస్తున్నవా పుష్పమ్మా?"

"సావు కోసం కాదు. నువ్వుంటె ఎవరిదన్న సావుకు వచ్చి ఇంటవని."

"గిప్పుడే చెప్పు, ఇంట."

ఆమె చెప్పింది. మొదలు నుంచి చివరి దాకా, జంగయ్య, కొంగు, తొమ్మిది రోజులు, పారబోసిన పండ్లు. మాసయ్య మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక బీడీ ముట్టించుకొని, "మంచిగ చెప్పినవ్," అన్నాడు. "గని ఇది ముచ్చట పుష్పమ్మా. శోకం కాదు గద."

పొగ పట్టి దగ్గాడు. దగ్గు ఆగడానికి కొంచెంసేపు పట్టింది. పుష్పమ్మ అతన్నే చూస్తూ, నోట్లో నాలికతో నొక్కి, కుడివైపు బొత్తాం ఇంకా పట్టి ఉందో లేదో తడుముకుంది.